తిరుమలరావు ఫోనుకి జ్వరం

విజయనగరంలో ఎవరి పిచ్చి వారిది. తిరుమలరావుది చిప్పుల పిచ్చి. ఫోన్లలో ఉండే ప్రాసెసర్లు చేసే కంపెనీలు ఒకదాన్నొకటి దాటాలని ఏటా పరుగులు తీస్తుంటే, ఆయాసం మాత్రం అతనికి వచ్చేది. కూతురు ఏ క్లాసంటే తడుముకుంటాడు గానీ, ఏ చిప్పు ఎన్ని నానోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఈ పుష్యమాసంలో అతని అభిమాన కంపెనీ కొత్త చిప్పు దించింది. అతని దగ్గరేమో ప్రత్యర్థి కంపెనీ చిప్పున్న నాలుగేళ్ల ఫోను. శత్రువుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టుండేది. కానీ భార్య యమునది ఒకటే చట్టం: పాతది పాడైతేనే కొత్తది.

"నా ఫోను ముట్టుకుంటే కాలిపోతన్నాదే. కొత్త చిప్పు ఎంత పరిగెత్తినా సల్లగా ఉంటాది" అని వారం నుంచి అతనిది ఒకటే పాట.

యమున తాకి చూసి, చల్లగానే ఉందనేది. మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ అతని రోగాలన్నీ తెలిసిన మనిషి. పైగా ఆవిడ దిగులు వేరు. చలికి పది రోజులుగా పెరుగు తోడుకోక, అత్త నారాయణమ్మ చారన్నంతోనే అలిగి లేచిపోతోంది.

ఆదివారం పొద్దున్నే తిరుమలరావు ఫోనుకి రోగం తెప్పించే పనిలో పడ్డాడు. చిప్పుల బలం తేల్చే పరీక్ష యాప్ పెట్టాడు. దాని వెనకాల ఓ ఆట, పైన ఓ వీడియో. చార్జింగు గుచ్చి, పొందూరు ఖద్దరు తువ్వాలు చుట్టాడు. గంటలో ఫోను అట్లపెనమైంది.

"పట్టుకుని సూడు."

యమున పట్టుకుంది. "నిజమే బావా. అలాగే ఉండనీ, ఇంకెంత ఏడెక్కుతాదో సూస్తాను" అంది.

తిరుమలరావు కాళ్లు నేలమీద ఆగక బజారుకి వెళ్లి, నాలుగు దుకాణాలు తిరిగి, కొత్త ఫోనుకి రంగు కూడా ఖాయం చేసి ఒంటిగంటకి ఇల్లు చేరాడు.

నారాయణమ్మ రెండోసారి పెరుగు వేసుకుంటోంది. "ఒరే, కత్తెట్టి కొయ్యాలిరా ఇది."

వంటింటి గట్టుమీద ఖద్దరు తువ్వాలు, దానిమీద పెరుగు గిన్నె. తువ్వాలు లోపల ఫోను ఇంకా పరీక్ష రాస్తూనే ఉంది.

"మరి కొత్త ఫోను?" అన్నాడు నీరసంగా.

"అది ఎంత పరిగెత్తినా సల్లగా ఉంటాదని నువ్వే సెప్పినావు గదా. మనకెందుకు?"

ఇప్పుడు రోజూ ఉదయం కాఫీ కంటే ముందు తిరుమలరావు చిప్పుకి పరీక్ష పెడుతున్నాడు. మార్కులు ఎన్నొచ్చాయని ఎవరూ అడగరు. గడ్డకట్టిందా లేదా, అంతే.

నిన్న ఉండబట్టలేక, ఇది నిజంగానే పాడైతే అప్పుడైనా కొనుక్కోవచ్చా అని అడిగాడు.

"కొనుక్కో బావా" అంది యమున, పాలలో తోడు కలుపుతూ. "కానీ ఈ కంపెనీదే కొను. మన పాలకి ఇదే అలవాటయిపోనాది."