మైకులో పడ్డ నిర్వహణ లాభం

ఆ శనివారం ఉదయం అదుసేయి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకల్లా దొంఫే గారి తల్లి కార్యానికి వెళ్లాలి, రెండు కవర్లు ఇద్దరికి అందజేయాలి, ఒక అన్నం పొట్లం అందుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. కుమాసీలో శనివారమంటే చావు కార్యాల రోజు. సగం ఊరు నలుపూ ఎరుపూ కట్టుకుని రోడ్డెక్కింది. అదుసేయి కూడా నల్లబట్టను ఎడమ భుజం మీదుగా చుట్టుకున్నాడు. ఆ బట్టకు జేబులుండవు. ఆయన కొంప ముంచింది ఆ జేబులు లేకపోవడమే.

రెండూ ఒకే రకం ఖాకీ కవర్లు. ఒకదాంట్లో పొకువా రొట్టెల కంపెనీ పేరున్న కాగితంలో చుట్టిన పది రెండువందల సెడీ నోట్లు. అది చదివింపుల బల్ల దగ్గర ఇవ్వాల్సింది. రెండోదాంట్లో అదే కంపెనీ కాగితం మీద టైపు చేసిన ఆర్నెల్ల లెక్క. అది బ్యాంకు ఆఫీసరు అంపోఫో గారి చేతికి వెళ్లాల్సింది. సోమవారం బ్యాంకు కమిటీ కూర్చుంటుంది. కొత్త ఓవెన్‌కు అప్పు ఇవ్వాలో వద్దో ఆ రోజే తేలుతుంది. "నేనెలాగూ దొంఫే గారింటి కార్యానికొస్తా. కాగితం అక్కడే ఇచ్చెయ్యండి" అని ఆయన ఫోనులో చెప్పాడు. పాత ఓవెన్ తలుపు అప్పటికే ఇనుప తీగతో కట్టి ఉంది. అప్పు రాకపోతే ఆ తీగతో పాటు ముప్ఫైనాలుగు మంది ఉద్యోగాలూ తెగిపోతాయి. లెక్కలు రాసే అదుసేయి ఉద్యోగం అందరికన్నా ముందు పోతుంది.

రెండు రాత్రులుగా అదుసేయికి నిద్ర లేకపోవడానికి కారణం మాత్రం ఓవెన్ కాదు, ఆ లెక్కలోని చివరి గీత. గురువారం నాడు యజమానురాలు పొకువా మేడమ్ ఆయన బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిర్వహణ లాభం ఎంతొచ్చిందయ్యా?" అంది.

"పదకొండు వేల సెడీలు మేడమ్."

"ఆరు నెలలు పొయ్యిలో తల పెట్టి పనిచేస్తే పదకొండు వేలా? ఆ అంకె చూస్తే అంపోఫో గారు ఓవెన్ కాదు గదా, అగ్గిపెట్టె కూడా ఇవ్వరు. మనం ప్లాటు అమ్మాం, ఎనభై అయిదు వేలు లాభం వచ్చింది. అదీ అందులో కలిపెయ్యి."

"అది నిర్వహణ లాభం కాదు మేడమ్. రొట్టె అమ్మగా వచ్చిన దాంట్లోంచి పిండికీ, చక్కెరకీ, గ్యాసుకీ, జీతాలకీ, వ్యానుకీ పోగా మిగిలిందే అందులో వెయ్యాలి. మనం ప్లాట్లు అమ్మే కంపెనీ కాదు గదా."

"అమ్మాం గదా."

"ఏటా అమ్మడానికి మనకు ప్లాట్లున్నాయా?"

"ఏటా అప్పడుగుతామా ఏంటి?" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

ఆవిడతో పదమూడేళ్లు పనిచేసినవాడికి అది ఆజ్ఞ అని తెలుసు. అదుసేయి ప్లాటు లాభాన్ని కలిపాడు. నిర్వహణ లాభం తొంభై ఆరు వేలు అయి కూర్చుంది. అలవాటు కొద్దీ దాని కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆ తర్వాత ఆ కాగితం వంక చూడ్డానికే భయమేసి, మొహం పక్కకు తిప్పుకుని మడిచి కవర్లో పెట్టాడు.

కార్యం జరిగే మైదానంలో షామియానాల కింద వెయ్యి మంది ఉన్నారు. అంపోఫో గారు ముందు వరసలో, నల్లకళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా పోయినామె బంధువులందరికీ వరసగా, కుడివైపు నుంచి ఎడమకు, కుడిచేత్తో కరచాలనం చెయ్యాలి. ఎడమచెయ్యి చాపితే ఆ ఇంటివాళ్లు జన్మలో మరిచిపోరు. బంధువులు నలభై మంది ఉన్నారు. కుడిచేతిలో చదివింపు కవరు, ఎడమచేతిలో లెక్క కవరు అని ఇంటి దగ్గర్నుంచీ జపిస్తూ వచ్చిన అదుసేయి, మొదటి ముసలాయన చెయ్యి చాపగానే రెండు కవర్లనూ ఎడమచేతిలోకి మార్చాడు. భుజం మీద బట్ట జారింది. బట్ట సర్దుకోవడానికి కవర్లను చంకలో పెట్టాడు. మళ్లీ తీశాడు. నలభయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏది పైదో ఏది కిందదో దేవుడికే తెలియాలి. పైది కదా అనుకుని ఒకటి చదివింపుల బల్ల మీద పెట్టి, రెండోది వంగి అంపోఫో గారి చేతిలో పెట్టి, వెనక వరసలో మేడమ్ పక్కన కూలబడ్డాడు.

"ఇచ్చావా?" అంది మేడమ్. ఆవిడ వెనకాల కంపెనీ పేరు అచ్చేసిన బట్టల్లో ఆరుగురు పనివాళ్లు కూర్చున్నారు.

"ఇచ్చాను మేడమ్" అని ఆయన ఆ ఉదయం మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి బయటికి వదలకముందే మైకు గరగరలాడింది.

"పొకువా రొట్టెల కంపెనీ వారు" అని మైకాయన కాగితం చూస్తూ మొదలుపెట్టి, కింద రెండు గీతలున్న అంకె దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకున్నాడు. "పొకువా రొట్టెల కంపెనీ వారు, మన తల్లి సాగనంపుకి, అక్షరాలా తొంభై ఆరు వేల సెడీలు."

అదుసేయి పైప్రాణాలు పైనే పోయాయి. డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. ఎర్రబట్టల ఆడవాళ్లు పదిమంది తెల్ల రుమాళ్లు ఊపుతూ మేడమ్ ముందుకొచ్చి ఆడటం మొదలుపెట్టారు. మేడమ్ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. మర్యాద కోసం ఒక చెయ్యెత్తి ఊపుతూనే, రెండో చేత్తో అదుసేయి మోచెయ్యి పట్టుకుని గోళ్లు దించింది.

"ఏం చేశావురా?" అని పెదాలు కదపకుండా అడిగింది. పదమూడేళ్లలో ఆవిడ ఆయన్ను ఎన్నడూ 'రా' అనలేదు.

"కవర్లు మారాయి మేడమ్."

"అయితే రెండు వేల కవరెక్కడ?"

అప్పుడు గుర్తొచ్చింది అదుసేయికి. మూడు వరసల ముందు, అంపోఫో గారు కవరు తెరిచి లోపలికి చూస్తున్నాడు. సోమవారం కమిటీ ఉండగా శనివారం నాడు బ్యాంకు ఆఫీసరు చేతిలో, వెయ్యి మంది ముందు, డబ్బు. లంచమిస్తే ఎన్నేళ్లు వేస్తారో అదుసేయికి తెలియదు. తన చిన్నకూతురికి అయిదేళ్లని మాత్రం గుర్తొచ్చింది. తను బయటికి వచ్చేసరికి ఆ పిల్ల పెళ్లీడుకొస్తుందేమో అనుకున్నాడు.

ఇంతలో వెనకనుంచి ఓవెన్ దగ్గర పనిచేసే అసబియా ముందుకు వంగింది. "మేడమ్, క్రిస్మస్‌కి బోనస్ అడిగితే కంపెనీకి పైసా మిగల్లేదన్నారు. మరి ఈ తొంభై ఆరు వేలు ఏ చెట్టుకి కాశాయి?"

మేడమ్ వెనక్కి తిరిగేలోగా, పోయినామె కొడుకు దొంఫే గారే స్వయంగా వచ్చి నిలబడ్డాడు. ఆయన పిండి టోకు వ్యాపారి. కళ్లలో నీళ్లున్నా, నోట్లో లెక్క ఉంది.

"అక్కా, మా అమ్మకి ఇంత మర్యాద చేశావు, నీ రుణం తీర్చుకోలేను. కానీ మొన్న మార్చిలో నువ్వు నష్టాల్లో ఉన్నానని ఏడిస్తే, నీకు బస్తాకి పది సెడీలు తగ్గించి ఇస్తున్నాను. ఇక ఆ తగ్గింపు అవసరం ఉండదేమో గదా?"

అప్పటికి అదుసేయికి విషయం పూర్తిగా కళ్లకు కట్టింది. పనివాళ్లకు ఒక లాభం, పిండి వ్యాపారికి ఒక లాభం, బ్యాంకుకు ఇంకో లాభం చెప్పుకుంటూ వచ్చారు. వాళ్లు ముగ్గురూ ఎక్కడా కలుసుకోరన్న ధైర్యంతో బండి నడిచింది. ఇప్పుడు ముగ్గురూ ఒకే షామియానా కింద ఉన్నారు, పైగా మైకుంది.

ఆయన కాళ్లీడ్చుకుంటూ చదివింపుల బల్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడ కుటుంబ పెద్ద, చేతికర్ర పట్టుకుని, రసీదు మీద తొంభై ఆరు వేలు అని రాయించేశాడు. ఆ పక్కనే ఇద్దరు మేనల్లుళ్లు విందుకు ఇంకో ఎద్దును బేరం చెయ్యడానికి ఫోన్లు చేస్తున్నారు.

"నగదా, చెక్కా?" అన్నాడు రసీదులు రాసే అతను.

"అయ్యా, అది చదివింపు కాదండీ. అది మా కంపెనీ లెక్క. కవరు మారింది" అన్నాడు అదుసేయి.

కుటుంబ పెద్ద తల అడ్డంగా ఊపాడు. "నాయనా, మైకులో పడ్డ మాట పోయినామె కూడా విని ఉంటుంది. ఎవరో వచ్చి చెవిలో చెబితే వెనక్కి తీసుకుంటామా? తప్పయితే ఆ మైకులోనే చెప్పు. ఎందుకు తప్పో, ఆ డబ్బెక్కడిదో అందరికీ చెప్పు. లేకపోతే కట్టు."

నోరు మూసుకుంటే కంపెనీ తొంభై ఆరు వేలు కట్టాలి, ఆ డబ్బు కంపెనీ దగ్గర లేదు. నోరు తెరిస్తే ప్లాటు సంగతి బ్యాంకు ఆఫీసరు ముందే బయటపడుతుంది, ఓవెన్ పోతుంది. మేడమ్ వంక చూశాడు. ఆవిడ నేల వంక చూస్తోంది. అసబియా వంక చూశాడు. నలభై ఏళ్ల మనిషి, చేతుల నిండా కాలిన మచ్చలు, ఏమీ తెలియక తనవంకే చూస్తోంది. మైకు అందుకుంటే అది చేతిలో చేపలా జారింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"పెద్దలకు నమస్కారం" అన్నాడు. నాలుగు మూలల స్పీకర్లలోంచి తన గొంతే తనను భయపెట్టింది. "ఆ తొంభై ఆరు వేలు... మేం ఇస్తామన్నది కాదండీ. మా లెక్కలో చివరి అంకె. అది కూడా తప్పు అంకె. నేనే తప్పుగా రాశాను."

డప్పులు ఆగిపోయాయి.

"రైతు కోకో అమ్మితే వచ్చేది సంపాదన. మంచం అమ్ముకుంటే వచ్చేది సంపాదన కాదు. డబ్బయితే వస్తుంది గానీ ఆ పూట నుంచి నేల మీద పడుకోవాలి. మేం మంచం అమ్ముకున్నామండీ. ప్లాటు. దానివల్ల ఎనభై అయిదు వేలొచ్చింది. రొట్టెల మీద మాకు మిగిలింది పదకొండు వేలే. అందులోంచి ఇంకా వడ్డీ కట్టాలి, పన్ను కట్టాలి. పనివాళ్లకి చెప్పినంత నష్టం లేదు, బ్యాంకుకి చెప్పబోయినంత లాభమూ లేదు. ఇంతేనండీ."

ఇంతేనండీ అన్నాక కూడా మైకు ఎలా వదలాలో ఆయనకు తెలియలేదు. అప్పుడు అంపోఫో గారు లేచాడు. నల్లకళ్లద్దాలు తీసి, కవరును ఒక మూల పట్టుకుని, పాడైపోయిన చేపను పట్టుకున్నట్టు దూరంగా పెట్టుకుని, నెమ్మదిగా బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు.

"నేను కాగితం అడిగాను. ఇందులో డబ్బుంది. ఇదేంటో కూడా ఆ మైకులోనే చెప్పండి" అన్నాడు.

"అదండీ చదివింపు" అన్నాడు అదుసేయి ఏడుపు గొంతుతో. "రెండు వేలు."

ముందు కుటుంబ పెద్ద నవ్వాడు. తర్వాత మైదానమంతా నవ్వింది, పోయినామె కొడుకుతో సహా. అంపోఫో గారు మాత్రం నవ్వలేదు. బల్ల మీదున్న లెక్క కాగితం తీసుకుని పైనుంచి కిందికి చదివాడు. మేడమ్ కూడా వచ్చి పక్కన నిలబడింది.

"ప్రకటనలు, నలభై ఒక్క వేలు" అన్నాడు ఆయన. "మీ రొట్టె గురించి రేడియోలో ఎప్పుడూ వినలేదే. గోడ మీద కూడా చూసిన గుర్తు లేదు."

అదుసేయికి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కనుక, చెయ్యెత్తి షామియానా స్తంభానికి కట్టిన స్పీకరు చూపించాడు. "ఇదేనండీ ప్రకటన. ఆరు నెలల్లో పందొమ్మిది కార్యాలకి వెళ్లాం. తలా రెండు వేలు. వెళ్లిన ప్రతిచోటా మైకులో కంపెనీ పేరు చదువుతారు గనక అందులో రాశాను. మిగతా మూడు వేలూ వ్యాను మీద పేరు రాయించడానికి."

అంపోఫో గారు రసీదుల అతని దగ్గర కలం అడిగి తీసుకున్నాడు. కాగితం అంచున తొంభై ఆరులోంచి ప్లాటు ఎనభై అయిదు తీసేశాడు, కార్యాలకు పోయిన ముప్ఫై ఎనిమిది కలిపాడు.

"నలభై తొమ్మిది వేలు" అన్నాడు. "మీ పొయ్యి సంపాదిస్తున్నది ఇదీ. పొయ్యి బాగానే ఉంది మేడమ్. చావులే మింగేస్తున్నాయి."

"మరి ప్లాటు సంగతి..." అంది మేడమ్, జీవితంలో మొదటిసారి మెల్లగా.

"ప్లాటు సంగతి నాకు ఏప్రిల్ నుంచీ తెలుసు. కొన్నది మా బావమరిదే. మీరు దాన్ని ఎక్కడ రాస్తారో చూద్దామనే కాగితం అడిగాను. ఈ కాగితం మాటా పలుకూ లేకుండా నా చేతికొచ్చి ఉంటే అప్పు కాదనడానికి సోమవారం దాకా కూడా ఆగేవాణ్ణి కాదు." అదుసేయి వంక తిరిగాడు. "సరిచేసి రాసి సోమవారం పొద్దున్నే పంపండి. ఒక షరతు. ఆరు నెలలకి ఆరు కార్యాలు. ఏడోది మీ సొంత డబ్బుతో."

అదుసేయి ఆయన చేతిలోంచి కాగితం అందుకున్నాడు. మేడమ్ మొహంలో మాత్రం ఓవెన్ పోతుందన్నప్పుడు కూడా లేని భయం కనిపించింది.

"ఆరా? మా మేనత్తలే ఏడుగురున్నారండీ" అంది.

అప్పు వచ్చింది. దొంఫే గారి బస్తాకు పది సెడీల తగ్గింపు పోయింది. అసబియా పనివాళ్లందరి తరఫునా వచ్చి, నలభై తొమ్మిది అన్న అంకెను బోనస్ మాట కోసం కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లింది. అదుసేయి సోమవారం సాయంత్రం తన బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, దొంఫే గారింటివాళ్లిచ్చిన రెండు వేల రసీదును చాలాసేపు చూశాడు. చివరికి దాన్ని ప్రకటనల ఖర్చు కిందే రాశాడు. ఇరవై కార్యాల్లో ప్రకటన అన్న మాటకు నిజంగా తగిన ఖర్చు అదొక్కటే.