సత్తమ్మ చేయి లేచిన వైనం

అరుదైన రోగాలను ఇకపై సామాన్యులకూ అందుబాటులోకి తెస్తామని మంత్రిగారు మిర్యాలగూడలో ప్రకటించారు. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చేయని సాహసం. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

మాకైతే ఆ సౌకర్యం ముందే అందింది. చివ్వెంలలో మా పెద్దమ్మ సత్తమ్మకు చర్మం బిగుసుకుపోయే సిస్టమిక్ స్క్లెరోసిస్ ఉంది. ఈ ఏడాది చేతులు కూడా లేవడం మానేశాయి. అదీ పాత రోగం పనేనని అంతా అన్నారు. హైదరాబాద్ డాక్టరు మాత్రం కండ ముక్క తీసి పరీక్ష చేయించి, ఇది వేరే రోగం, కండరాలకు పట్టిన సార్కాయిడోసిస్ అని తేల్చాడు. త్వరగా ఇంజక్షన్లు పడితే చేతులు లేవొచ్చు, ఆలస్యమైతే ఏం చెప్పలేనన్నాడు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి ఈ రెండు పేర్లూ పలికే బాధ్యత నాది.

అరుదైన రోగాలకు ఉచితంగా మందులిచ్చే పథకానికి సూర్యాపేటలో ఆఫీసరైన శశిధర్ గారు ఎంతో ఓపికగా విన్నారు.

"ఒక మనిషికి ఒక్క అరుదైన రోగమే తమ్మీ. రెండుంటే అరుదెట్లయితది?"

న్యాయమే. మంత్రిగారు స్వయంగా చెబితే తప్ప కుదరదన్నారు.

కోదాడ సభకు పెద్దమ్మను తీసుకెళ్లాను. పార్టీ కార్యకర్త యాదగిరన్న దయతలచి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మంత్రిగారు మైకులోనే ఇంజక్షన్లు మంజూరు చేశారు. ఆపైన ఆనవాయితీ ప్రకారం, పథకాలు అందినవాళ్లంతా చేతులెత్తాలన్నారు.

అందరూ ఎత్తారు. పెద్దమ్మ ఎత్తలేదు.

"ఏంది పెద్దవ్వా, అవతలి పార్టీయా? ఇజ్జత్ తీస్తున్నవ్," అన్నాడు యాదగిరన్న.

"లేస్తే గీడికెందుకొస్త బిడ్డా," అంది పెద్దమ్మ.

కెమెరాలు తిరుగుతున్నాయి. యాదగిరన్న వెనకనుంచి ఆమె మణికట్టు పట్టి పైకెత్తాడు.

మర్నాడు పేపర్లో పెద్ద ఫోటో. మంత్రి మాటకే లేచిన చేయి అని హెడ్డింగ్. ఇంజక్షన్ల కోసం వెళితే శశిధర్ గారు లేచి నిలబడి మరీ అభినందించారు. నయమైనవాళ్లకు మందులిస్తే ఆడిట్ ఒప్పుకోదట.

"చేయి ఎత్తింది యాదగిరన్న, సార్."

"ఆయనకేం రోగం లేదు గద తమ్మీ. ఆయనకెట్లిస్తం?"

ఇప్పుడు ఆ ఫోటో సూర్యాపేట బస్టాండ్ ఎదుట ఫ్లెక్సీ అయింది. గ్రాఫిక్స్‌లో యాదగిరన్నను శుభ్రంగా చెరిపేశారు. మణికట్టు మీద వేళ్లు మాత్రం మిగిలాయి, రెండు ఉంగరాలతో సహా.

మొన్న బస్సు కోసం నిలబడ్డప్పుడు పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"జర కొంగు నెత్తి మీదికి గుంజు బిడ్డా. ఎండ కొడుతుంది."