పూలి పెరట్లో అడవి

మా ప్రాంతంలో అడవి పెరిగింది. ఈ శుభవార్తను పత్రికలవారు లోపలి పేజీలో, పెళ్లి ప్రకటనల కింద వేయడం వల్ల చాలామంది చూసి ఉండరు. బాధ్యతగల పౌరుడిగా నేను మళ్లీ తెలియజేస్తున్నాను. టేకులపల్లి నుంచి కారేపల్లి పోయే దారి పక్కన మా ఊరు, ఊరికి ఆనుకుని తండా, తండాలో పూలి అనే ఆమె ఇల్లు, ఆ ఇంటి వెనక పెరడు ఉన్నాయి. అడవి పెరిగింది ఆ పెరట్లోనే.

చుట్టూ అంత అడవి ఉండగా పెరట్లో మళ్లీ పెంచడం దేనికని అమాయకులు అడగవచ్చు. చుట్టూ ఉన్న అడవి లారీలెక్కి పట్నం పోయిన సంగతి వాళ్లకు తెలియదు. పోయినదాన్ని తిరిగి తేవడానికే వన వికాస సంస్థ వెలిసింది. ఆ సంస్థ తరఫున మా వైపు అధికారిగా వెంకటరామారావుగారు వచ్చారు. పోయిన వానకాలం, అంటే 1986లో, ఆయన మా ఊరి మైదానంలో మొక్కలు నాటే ఉత్సవం జరిపించారు. ముఖ్య అతిథి మొదటి మొక్కను ప్లాస్టిక్ సంచితో సహా గుంటలో పెట్టి, ఫొటో అయ్యేదాకా దాన్ని వదల్లేదు. ప్రతి మొక్క పక్కనా నీలం తెలుపు రంగులేసిన టేకు కర్ర పాతారు. వినాయక చవితికల్లా మొక్కలన్నీ ఎండిపోయాయి. కర్రలు మాత్రం నిటారుగా నిలబడి సంస్థ పరువు కాపాడాయి.

అదే వానకాలంలో పూలి కూడా పెరట్లో టమాట నాటింది. అక్కడ ఉపన్యాసాలు లేకపోవడం వల్ల నారు బతికింది. వానల్లో టమాట నేల మీద పడితే కాయ కుళ్లుతుంది గనుక, వాగొడ్డున వావిలి కట్టెలు నరుక్కొచ్చి, మొక్కకొకటి పాతి, పాత లంగా పేలికలతో వదులుగా కట్టింది. చిక్కుడు తీగకు మునగ గుంజలతో పందిరి వేసింది. సంతలో ఆ టమాట గంప దిగితేనే ఆమె ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చేది.

పచ్చి వావిలి వానలో పాతితే వేళ్లు వేస్తుంది. మునగ సంగతి చెప్పనక్కర్లేదు. కాయ ముదిరే వేళకు కట్టెలన్నీ ఆకులు తొడిగి మొక్కలకంటే ఏపుగా కనిపించాయి. ఆ ఇగుళ్లు తుంచి మేకకు వేద్దామనుకుంటూనే పూలి బద్ధకించింది. ఈ వ్యవహారం మొత్తంలో ఆమె చేసిన తప్పు అదొక్కటే.

దసరా ముందు, హైదరాబాదు నుంచి పరిశీలక బృందం వస్తోందని కబురందింది. వెంకటరామారావుగారు మైదానంలో నీలం కర్రల మధ్య తల పట్టుకుని కూర్చున్నారు. మా సర్పంచి బసవపున్నయ్యగారు పెద్దల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబంవారు. అధికారుల కన్నీరు చూడలేని మనిషి. ఆయన వెంకటరామారావుగారిని చెయ్యి పట్టుకుని తండాకు తీసుకుపోయి పూలి పెరడు చూపించారు.

"ఎక్కడ బతికితే అక్కడే మనం నాటినట్టు సార్," అన్నారు.

బృందం నేరుగా పెరట్లోకే వచ్చింది. ఈ ఎర్రకాయల మొక్కలేమిటని బృందం పెద్ద అడిగారు. ఆయన టమాటను పళ్లెంలో తప్ప చూసినట్టు లేదు. లేత చెట్లు గాలికి ఒరగకుండా పక్కన ఊతంగా టమాట నాటించామని, రంగు పేలికలు చెట్ల జాతిని తెలిపే గుర్తులని వెంకటరామారావుగారు తడుముకోకుండా విన్నవించారు. కట్టెకు మొక్కను ఆసరాగా ఇవ్వడం దేశంలో ఇదే మొదటిసారని బృందం మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే ఆసరాలను సంచుల నిండా కోసుకుంది.

పూలి అడ్డం వచ్చింది. "ఏంది సారూ, గవి నా టమాటలు. కట్టెలు నేనే పాతిన."

"అవునండీ, ఆమే పాతింది," అన్నారు బసవపున్నయ్యగారు. "ప్రజల భాగస్వామ్యం."

బృందం ఆ మాట కూడా రాసుకుంది.

తర్వాతి వారమే సన్మాన సభ జరిగింది. పూలికి శాలువా కప్పి వనమిత్ర అని బిరుదిచ్చారు. వెంకటరామారావుగారు గద్గద స్వరంతో మాట్లాడారు. "ఈ సోదరి పెరట్లో మొలిచినవి చెట్లు కావు, జాతి భవిష్యత్తు. ఇంతటి భవిష్యత్తును ఒక ఇంటి పెరడుగా వదిలేయడం ద్రోహం. కనుక ఈ క్షణం నుంచి ఇది మనందరిదీ." మేమందరం చప్పట్లు కొట్టాం. పూలి కూడా కొట్టింది. మర్నాడు పెరటి చుట్టూ ముళ్లకంచె వేసి, నమూనా వనం అని బోర్డు పెట్టి, తాళం వేశారు.

కంచె లోపల టమాట పండింది. కాయలు కోసుకుంటానని పూలి ఆఫీసుకు పోయి అడిగింది. వనంలో పండినదంతా సంస్థదేనని, కోతకు ఉత్తర్వు వచ్చేదాకా ఎవరూ ముట్టరాదని ఆమెకు మర్యాదగా చెప్పారు. అంతదాకా పండకుండా ఆగమని టమాటకు చెప్పేవారు లేకపోయారు. చూసి చూసి పూలి ఒక పొద్దున గంప పట్టుకుని కంచె తీగ కింద నుంచి దూరింది. వనమిత్ర మీద వనంలో అక్రమ ప్రవేశం కేసు పెట్టారు. విచారణలో ఊరి పెద్దలుగా మేం సాక్ష్యమిచ్చాం. అది తాతల నాటి అడవేనని, చిన్నప్పుడు దాని నీడలో ఆడుకున్నానని మాలో ఒకాయన ప్రమాణం చేశాడు. ఎర్రటి కాయలు మొక్కల మీదే మగ్గి, పగిలి, రాలిపోతుంటే చూడలేకపోయాం. మావీ మనసులే కదా. అందుకని ఆ దారిన నడవడం మానేశాం.

ఈ ఏటి ఉత్సవానికి వనమిత్ర హోదాలో వేదికెక్కమని పిలవడానికి మాత్రం నేను పోక తప్పలేదు. పెరడు పోయింది గనుక పూలి వాకిట్లో, స్నానాలు చేసే జలకం బండ పక్కన మిగిలిన కాస్త జాగాలో టమాట నాటుకుంది. నేను పోయేసరికి వావిలి కట్టెలు బెరడు గీకి పొయ్యిలో కాలుస్తోంది. ఎందుకని అడిగాను.

"సచ్చిన కట్టెనే పాతాలె సారూ. బతికితే సర్కారుదైతది," అంది.

మొక్కలను శాలువా పేలికలతో కడుతోంది. జరీ బట్టకు ముడి నిలవడం లేదట. సన్మానం గురించి ఆమె చేసిన ఫిర్యాదు అదొక్కటే. వేదికెక్కడానికి మాత్రం రానంది.

పూలి పద్ధతి నెల తిరక్కుండా అన్ని ఊళ్లకూ పాకింది. టేకులపల్లి దాకా ఏ ఇంట చూసినా తీగకూ టమాటకూ కాల్చిన కట్టెలే. బసవపున్నయ్యగారు తమ తోటలో గుంజలను వడ్లు ఉడకబెట్టే కాగులో వేసి ఉడికించి మరీ పాతిస్తున్నారు. ఎవరి గుంజకైనా ఇగురు వేస్తే, నలుగురి కంట పడకముందే తుంచేస్తున్నారు. వెంకటరామారావుగారికి పెద్ద పదవి వచ్చింది.

ఉత్సవం ఎల్లుండి. చెట్టు గొప్పతనం మీద ప్రధానోపన్యాసం నాదే. పొద్దున మా బీర పందిరి గుంజకు ఒక లేత ఇగురు కనిపించింది. గోటితో గిల్లేసి వచ్చి, ఉపన్యాసం రాసుకుంటున్నాను. మీరు కూడా ఒకసారి లేచి మీ పందిరి గుంజ చూసుకుని రండి.