సర్దుకునే కుర్చీ, సర్దుకోని నడుములు

ఒక పెద్ద అడవిలో అర్జీల కచేరీ ఒకటుండేది. గుహ కూలినా, గూడు ఇంకొకరు ఆక్రమించినా, వాగు దగ్గర నీళ్ల వంతు రాకపోయినా జంతువులన్నీ అక్కడికే వచ్చి అర్జీ పెట్టుకోవాలి.

కచేరీకి పెద్ద గంగిరాజు అనే అడవిదున్న. సంతకం పెట్టడం ఆయన పని. ఎక్కడ పెట్టాలో చూపించడం జోగినాథం అనే నక్క పని. వచ్చినవాళ్లతో "కాసేపు ఆగండి" అనడం నీలకంఠం అనే నెమలి పని. మిగిలిన పనంతా ఓబులమ్మ అనే ముంగిసది.

ఓబులమ్మ తొమ్మిది వానాకాలాలుగా ఒక మద్దిమొద్దు మీద కూర్చుని అర్జీలు రాసుకుంటోంది. ఒకరోజు కిందపడ్డ అర్జీ ఆకు తీసుకుందామని వంగింది. మళ్లీ లేవలేకపోయింది. అలాగే వంగి ఇంటికెళ్లింది. ముంగిసలు నాలుగు కాళ్ల మీదే నడుస్తాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

మర్నాడు గంగిరాజు దగ్గరికెళ్లి చెప్పుకుంది.

"అయ్యగారూ, నడుం పోయిందండి. వీపు ఆనించుకోడానికి ఓ కుర్చీ ఇప్పించండి."

గంగిరాజు జాలిగుండె గలవాడు. వెంటనే తనూ, జోగినాథమూ, నీలకంఠమూ సభ్యులుగా కుర్చీ ఎంపిక సంఘం వేశాడు. ఓబులమ్మకి పని ఎక్కువ కాబట్టి ఆమెని అందులో వెయ్యలేదు.

కబురు అందుకుని పక్క అడవి నుంచి ఒక కోతి మూడు కుర్చీలు మోసుకొచ్చింది.

మొదటిది వెదురుది. గంగిరాజు కూర్చోగానే అది కుర్చీగా ఉండటం మానేసింది. రెండోదానికి పదకొండు మీటలు. నీలకంఠం ఏదో ఒకటి నొక్కితే వీపుబద్ద వచ్చి తోకని కరుచుకుంది. ఊడదీయడానికి సంఘం మొత్తం గంటసేపు శ్రమించింది.

"ఇదిగో, ఇది చూడండి," అంది కోతి మూడోదాన్ని ముందుకు తోసి. "దీనికి మీటలే లేవు. ఎవరు కూర్చుంటే వాళ్ల ఒంటికి తగ్గట్టు అదే సర్దుకుంటుంది. ఏనుగైనా సరే, ఎలుకైనా సరే. ఎవరికి నొప్పో వాళ్లనే ఒకసారి కూర్చోమనండి."

ఓబులమ్మ మొహమాటపడుతూ ఎక్కింది. కుర్చీ మెల్లగా కిందికి దిగింది. పీట ముందుకు జరిగింది. వీపుబద్ద ఆమె నడుం వంపు వెతుక్కుంటూ వచ్చి, సరిగ్గా నొప్పి ఉన్నచోట అరచెయ్యిలా ఆగింది. ఓబులమ్మ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. తొమ్మిదేళ్లలో ఆమె మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలింది.

"చాలు, దిగమ్మా," అన్నాడు గంగిరాజు. "పెద్ద ఒళ్లకి పనికొస్తుందో లేదో చూడాలి కదా."

ఆయన కూర్చున్నాడు. కుర్చీ సర్దుకుంది. ఆయన మధ్యాహ్నం దాకా లేవలేదు. తర్వాత జోగినాథం కూర్చున్నాడు, సాయంత్రం దాకా లేవలేదు. తర్వాత నీలకంఠం. తోక కోసం కుర్చీ వెనక తనంతట తానే సందు ఇచ్చేసరికి అతను ఏడ్చేశాడు.

ఆ సాయంత్రం ముగ్గురి మనసులోనూ ఒకే మాట ఉంది. ఆ కుర్చీ తనకే దక్కాలని.

జోగినాథమే గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, నోటిమాట మీద కుర్చీ ఇస్తే రేపు అడవంతా నడుం పట్టుకుని వస్తుంది. నియమం ఉండాలి. వైద్యుడి కాగితం లేకుండా కచేరీ ఉద్యోగులెవరూ ఇందులో కూర్చోకూడదు. ఎవరి కాగితంలో నొప్పి ఎక్కువుంటే కుర్చీ వాళ్లది."

"న్యాయంగా ఉంది," అన్నాడు గంగిరాజు.

"చాలా న్యాయంగా ఉంది," అన్నాడు నీలకంఠం, అప్పటికే గుమ్మం దాటుతూ.

అడవికి వైద్యుడు పిచ్చయ్యశాస్త్రి అనే గుడ్లగూబ. పగలు ఆయనకి కళ్లు కనపడవు. అందుకని రోగి చెప్పింది చెప్పినట్టు రాసేస్తాడు.

నీలకంఠానికి "తన తోక తాను మోయలేడు" అని రాశాడు. జోగినాథం దాన్ని రహస్యంగా చదివొచ్చి "వెన్ను వంకర, దేన్నీ తిన్నగా చూడలేడు" అని రాయించుకున్నాడు. అది విని గంగిరాజు తనే స్వయంగా బయల్దేరాడు. ఆయన కాగితం నాలుగు ఆకులైంది. చివరి ఆకులో "ఇంకా బతికి ఉండటం వైద్యశాస్త్రానికే వింత" అని ఉంది.

ఓబులమ్మ కూడా వెళ్దామనుకుంది. కానీ ముగ్గురూ వైద్యుడి దగ్గరే ఉండటంతో కచేరీలో ఆమె ఒక్కతే మిగిలింది. బయట అర్జీదార్ల వరస వాగు దాకా ఉంది.

ఇక నొప్పుల్లో ఎవరిది పెద్దది? వాళ్లలో వాళ్లు తేల్చుకోలేక మూడు కాగితాలూ పులిరాజుకి పంపారు.

పులిరాజు చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లు తుడుచుకుంటూ కచేరీకి వచ్చాడు.

"ఇంత బాధ పడుతూ నా కోసం పనిచేశారా నాయనా! నాకు ముందే ఎందుకు చెప్పలేదు? ఈ క్షణం నుంచి మీ ముగ్గురికీ కొలువు నుంచి విడుదల. కొండమీద గుహలో పడుకోండి. పూటపూటా ఎలుగుబంటి వచ్చి మీ నడుములు తొక్కుతుంది."

గంగిరాజు అదిరిపడి చెంగున లేచాడు. "మహారాజా, నాకు..."

జోగినాథం ఆయన చెవి దగ్గరికి చేరాడు. "నొప్పి లేదన్నారంటే కాగితం అబద్ధమవుతుంది. రాజుగారు ఇంకా భోంచెయ్యలేదు, చూసుకోండి."

గంగిరాజు "అమ్మా" అంటూ కూలబడ్డాడు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని మూలుగుతూ కొండెక్కారు. పైన ఎలుగుబంటి కాళ్లు కడుక్కుని సిద్ధంగా ఉంది.

"కాగితం లేనిది ఎవరికి?" అని అడిగాడు పులిరాజు.

"నాకేనండి," అంది ఓబులమ్మ మెల్లగా.

"అంటే ఉక్కు నడుం! ఇకనుంచి కచేరీ పెద్దవి నువ్వే."

పులిరాజు వెళ్లాక ఓబులమ్మ కుర్చీ వైపు చూసింది. ఎక్కబోయి ఆగింది. జోగినాథం చెప్పిన నియమం రాసి గోడమీద పెట్టి ఉంది. పరుగున వెళ్లి పిచ్చయ్యశాస్త్రిని కాగితం అడిగింది.

"రాస్తానమ్మా. కానీ రాస్తే నిన్నూ కొండమీదికి పంపుతారు."

"రాయకపోతే?"

"మొద్దు మీదే కూర్చుంటావు."

ఓబులమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కచేరీకి తిరిగొచ్చి, నియమాన్ని అక్షరం అక్షరం చదివింది. ఉద్యోగుల గురించే ఉంది. అర్జీదార్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఆమె ఒక టేకాకు తీసుకుంది. "కచేరీ పెద్ద గారికి, నడుం నొప్పితో ఓబులమ్మ రాసుకున్న అర్జీ. నాకు కుర్చీ ఇప్పించగలరు" అని రాసింది. ఆ అర్జీ తనకి తనే ఇచ్చుకుంది. తర్వాత కుర్చీని బల్లకి అవతలి వైపు, అర్జీదార్లు నిలబడే చోటికి లాక్కెళ్లి, అర్జీదారుగా అందులో కూర్చుంది. కుర్చీ సర్దుకుంది.

అక్కడి నుంచే అందరి అర్జీలూ అందుకుని చూసింది. వారం తిరక్కుండా వాగు దాకా ఉన్న వరస గుమ్మం దాకా తగ్గింది. నెల తిరిగేసరికి పాత అర్జీలన్నీ తేలిపోయాయి, ఒక్కటి తప్ప.

దాన్ని ఆమె రోజూ సాయంత్రం శ్రద్ధగా చదివి, "విచారణలో ఉంది" అని రాసి, మళ్లీ అడుగున పెడుతుంది.

నీతి: సుఖం కావాలంటే అర్జీ పెట్టుకో, ఆ సుఖం నిలవాలంటే దాన్ని తేలనివ్వకు.