బాడుగలో ధర్మం

“కారు బాడుగైనా సరే, ధర్మం తప్పి పంచుకునే జాతికి స్వరాజ్యం రాదు!” అని గుడివాడ స్టేషను బయట నిలబడి ప్రకటించారు వకీలు వెంకటసుబ్రహ్మణ్యం గారు.

అప్పటికి బందరు రైలు వెళ్ళిపోయింది. దిక్కల్లా డ్రైవరు లాల్ నడిపే టాక్సీ ఒక్కటే. బాడుగ ఆరు రూపాయలు, ఎక్కేవాళ్ళు ముగ్గురు. వకీలుగారు బందరులో ఒక సభకు అధ్యక్షులు. లక్ష్మీకాంతమ్మ అక్కడి ఆసుపత్రిలో నొప్పులు పడుతున్న కూతురి దగ్గరికి వెళ్తోంది. బట్టల వ్యాపారి అల్లాబక్షు మధ్యలో పామర్రులో దిగిపోతాడు.

“నాది సగం దారేగా! సగమే ఇస్తానండీ,” అన్నాడు అల్లాబక్షు.

వకీలుగారు గతుక్కుమన్నారు. దూరాన్ని బట్టి పంచితే తన వాటా పెరుగుతుంది!

“తప్పు! నిన్ను దింపడానికి కారు ఆగాలా వద్దా? ఆగడం కూడా ప్రయాణమేనయ్యా! తలకి రెండు!”

“అలాగైతే చోటుని బట్టి పంచండి బాబుగారూ,” అంది లక్ష్మీకాంతమ్మ. వకీలుగారు ఆసీనులయ్యాక ఆవిడకు మిగిలింది జానెడు సీటు.

“శరీరం భగవంతుడిచ్చింది. దానిమీద పన్నా! శివశివా!”

వకీలుగారు కళ్ళు మూసుకుని కొత్త సూత్రం కనిపెట్టారు. “ఆత్రాన్ని బట్టి పంచుదాం. అమ్మా, మీది పురిటి ఆత్రం, మూడు రూపాయలు. అల్లాబక్షుకి రెండు. నాకేం ఆత్రం? లోకం కోసం వెళ్తున్నాను. ఒకటి!”

కూతురు కళ్ళల్లో మెదులుతుంటే బేరమాడే ఓపిక ఆవిడకెక్కడిది? కొంగుముడి విప్పింది. ఇద్దరి డబ్బూ వకీలుగారే వసూలు చేసి జేబులో వేసుకున్నారు.

పామర్రులో అల్లాబక్షు గొణుక్కుంటూ దిగిపోయాడు. బందరు చేరాక ముందు ఆసుపత్రికి పోనివ్వమని లక్ష్మీకాంతమ్మ బతిమాలింది. వకీలుగారు వినలేదు. కారు సభామందిరం ముందే ఆగింది. కార్యదర్శి పిచ్చేశ్వరరావు దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“కారు బాడుగ ఆరు రూపాయలూ నిన్ననే పంపించామండీ! అందిందా?”

“అందింది, అందింది,” అన్నారు వకీలుగారు గొంతు తగ్గించి.

“ఏవిటీ! బాడుగంతా ముందే ముట్టిందా?” లక్ష్మీకాంతమ్మ కేక వీధి చివరిదాకా వినిపించింది. “అయితే నా మూడు రూపాయలూ ఇచ్చెయ్యండి!”

“అది అధ్యక్షుడి గౌరవార్థం ఇచ్చిందమ్మా. గౌరవాన్ని పంచుకుంటారా ఎక్కడైనా!”

“గౌరవం మీరే ఉంచుకోండి. డబ్బులివ్వండి!”

జనం మూగుతున్నారు. వకీలుగారు గబగబా ఆవిడ డబ్బు ఆవిడకిచ్చి, లాల్‌కి బాడుగ చెల్లించి, దండలోకి తల దూర్చేశారు. కారు ఆవిణ్ణి ఎక్కించుకుని ఆసుపత్రి వైపు దూసుకుపోయింది.

అక్కడ లక్ష్మీకాంతమ్మ మనవరాల్ని ఒళ్ళోకి తీసుకునే వేళకి, ఇక్కడ వేదికమీద వకీలుగారి గొంతు గద్గదమైంది. “మహాజనులారా! ఈ రోజే ఒక దిక్కులేని ఇల్లాలిని నా సొంత ఖర్చుతో బందరు చేర్చాను!”

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పిచ్చేశ్వరరావే!