చేతులు లేని అంగీలు

రాబడిలో పదోవంతు దేవునికిచ్చే దశమభాగం నేటి క్రైస్తవులకు వర్తిస్తుందా లేదా అనే మహాప్రశ్నను మా సంఘపెద్దలు కూలంకషంగా విచారించి, ఎవరి మనసూ నొవ్వని నిర్ణయానికి వచ్చారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

ప్రశ్నకు మూలం ఒక కుట్టుమిషను. మా సంఘంలో భర్త పోయిన దర్జీ అక్క ఉంది. గాయకబృందానికి అంగీలు కుట్టిపెట్టేది ఆమే. కూలి అడిగే దురలవాటు లేదు. ఆమె మిషను చక్రం విరిగింది. అది తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బాగుచేయించమని పెద్దలను ఆశ్రయించింది.

సాయానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ముందు సిద్ధాంతం తేలాలన్నారు, అంతే.

వకీలుగారు లేచి, పాత నిబంధన ధర్మశాస్త్రానికి లోబడితే పదోవంతు ఆలయసేవకులైన లేవీయులదనీ, నేటి లేవీయుడు బోధకుడేననీ, దానిని మిషనుకు మళ్ళించడం దైవద్రోహమనీ వాదించారు. బోధకుడు చెమర్చిన కళ్ళతో ఏకీభవించారు. బట్టలకొట్టు యజమాని ఒప్పుకోలేదు.

"కొత్త నిబంధనలో మనం కృపలో ఉన్నామండీ. బలవంతం లేదు. హృదయం ప్రేరేపించినంత ఇస్తే చాలు" అని, తమ హృదయాన్ని అక్కడికక్కడే పరీక్షించుకుని, ప్రేరేపణ ఏమీ కనిపించలేదని నిజాయితీగా ప్రకటించారు. తక్కిన హృదయాలూ అంతే నిజాయితీ చూపాయి.

కాబట్టి ధర్మశాస్త్రం ప్రకారం ఆమెకు చెల్లదు. కృప ప్రకారం కానుకపెట్టెలో ఏమీ లేదు. రెండు నిబంధనలూ ఇంత సఖ్యంగా కలిసిన ఘట్టం మరొకటి మేమెరుగము. అందరూ తరలివెళ్ళి ఆమె ఇంట్లో విరిగిన చక్రం మీద చేతులుంచి ప్రార్థించారు. చక్రానికి విశ్వాసం చాలలేదు కాబోలు, కదలలేదు.

సంఘ వార్షికోత్సవం నాటికి అంగీలు వచ్చాయి. మెడపట్టీలు ముచ్చటగా ఉన్నాయి. పెద్దలు కోరినట్టే జేబులు లోతుగా ఉన్నాయి. చేతులు మాత్రం లేవు. గాయకులు బోడి భుజాలతో స్తోత్రగీతం అందుకున్నారు.

వకీలుగారు ఆమెను పక్కకు పిలిచారు. "ఏమ్మా, చేతులేవీ?"

"మిషను లేదు కదయ్యగారూ, సూదితో ఇంతే అయింది. అయినా మీరంతా కలిసి నాకు చెయ్యిచ్చారు కదా, ఇంక వేరే కుట్టడమెందుకులే అనుకున్నా."

అంగీకి చేతులు కొత్త నిబంధనలో అవసరమా అన్న విషయం ప్రస్తుతం పెద్దల పరిశీలనలో ఉంది. ఇంతవరకు నవ్విన పాఠకమహాశయులు తమ చేతులెక్కడున్నాయో ఒకసారి చూసుకోవలెను. జేబులోనే భద్రంగా ఉన్నట్లయితే, మా సంఘంలో తమకు పెద్దరికం సిద్ధంగా ఉంది.