ఏకాగ్రత కుట్టిన కోటు

పరధ్యానంగారికి ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. వీధివాళ్ళందరూ కలిసి, ఒక్కరు కూడా అడ్డుచెప్పకుండా పెట్టింది. వృత్తికి ఆయన దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. అందులో కిటికీ పక్కన రెండు కుట్టుమిషన్లు, ఒకటి ఆయనది, ఒకటి వాళ్ళావిడది. ఆయన కోట్లు, చొక్కాలు, ప్యాంట్లు కుడితే ఆవిడ ఆడవాళ్ళ బట్టలు, పిల్లల బట్టలు కుట్టేది. వాటితోపాటు ఆవిడ కబుర్లు మూడో మిషన్‌లా నడుస్తూ ఉండేవి.

ఆ వారం బ్యాంకు మేనేజరుగారి ప్యాంటులో ఒక కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. అంతకుముందు వారం పళ్ళ డాక్టరుగారి చొక్కాకి జేబు వీపున వెలిసింది. డాక్టరుగారు దేవుడిలాంటి మనిషి. "పెన్ను కావాలంటే వెనకున్నవాళ్ళని తీసిపెట్టమంటాను, అంతేగా" అని తొడుక్కుని వెళ్ళిపోయాడు.

"ఇదంతా నీవల్లే" అన్నాడు పరధ్యానంగారు.

"నావల్లా? నేనేం చేశానండీ?"

"నేను జేబు పెడుతుంటే మీ పిన్ని మోకాళ్ళ నొప్పులు ఎత్తుకున్నావు."

"మా పిన్నికి నొప్పి మోకాళ్ళలో అయితే, మీ జేబు వీపుకెందుకు పోయింది?"

జవాబు లేనప్పుడల్లా ఏదో ఒక నియమం పెట్టడం ఆయనకి అలవాటు.

మర్నాడు కుట్టాల్సింది ఫిడేలు మాస్టారి కోటు. సాయంత్రం ఆరున్నరకి ఆయన కచేరీ. పోయినసారి పాత కోటు కచేరీ మధ్యలో చంక దగ్గర పర్రున చిరిగి, పాపం మాస్టారు ముందువరసలో వాళ్ళకి లోపలి చొక్కా రంగు కూడా తెలిసిపోయేలా వాయించాల్సి వచ్చింది. ఈసారి అలా జరిగితే ఫిడేలు అటకెక్కిస్తానన్నాడు. ఐదింటికి వచ్చి కోటు తీసుకెళ్ళాలి.

"రేపు పొద్దున్నించి ఐదింటిదాకా నాతో ఎవరూ మాట్లాడకూడదు. నీ మిషన్ వెనక గదిలోకి పోతుంది" అని ప్రకటించాడు పరధ్యానంగారు. "కోటు ఒక్క తప్పు లేకుండా వచ్చిందనుకో, ఇక అది అక్కడే. శాశ్వతంగా."

ఆవిడకి మనసు చివుక్కుమంది. ఇరవైరెండేళ్ళుగా ఆ రెండు మిషన్లూ పక్కపక్కనే తిరుగుతున్నాయి. అయినా బయటపడలేదు.

"తప్పు వస్తే?"

"నేనా! తప్పా!"

"వస్తే నేను చెప్పినట్టు వింటారా?"

"వింటాను, వింటాను" అన్నాడాయన. అప్పటికే ధ్యాస సుద్దముక్క ఎక్కడ పెట్టానా అన్నదాని మీదికి పోయింది.

పొద్దున్నే ఫోన్ తీసి పిండి డబ్బాలో పెట్టాడు. కిటికీకి దుప్పటి కట్టాడు. చెవుల్లో దూది కూరుకున్నాడు. తలుపుకి ఒక అట్టముక్క తగిలించాడు: "లోపల ఏకాగ్రత జరుగుచున్నది. తట్టరాదు."

నిజం చెప్పొద్దూ, ఆ ఏకాగ్రత చూడముచ్చటగా ఉంది. ప్రతి కొలతా మూడుసార్లు తీశాడు. మామూలుగా అయితే గుడ్డ మడతపెట్టి, కోటు చేతులు రెండూ ఒకే కత్తిరింపులో తెగ్గొట్టేవాడు. ఇవాళ అలాంటి హడావిడి పనికిరాదనుకున్నాడు. ఒక్కో చేతికీ విడిగా పూర్తి శ్రద్ధ పెట్టదలిచాడు. నమూనా కాగితం పరిచి ఒక చెయ్యి కోశాడు. మళ్ళీ అదే కాగితం, అలాగే పరిచి, రెండోది కోశాడు. రెండోసారి కాగితాన్ని బోర్లించాలి. బోర్లించలేదు. రెండూ కవలపిల్లల్లా ఒకదానికొకటి సరిపోయాయి. సరిపోయాయని ఆయన తెగ సంబరపడ్డాడు.

పదకొండింటికి ఆవిడ చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చింది. మిగిలిన గుడ్డ ఆవిడ బుట్టలో వేసుకోవడం ఆ ఇంటి పద్ధతి. బల్లమీదికి చూసి గతుక్కుమంది. రెండూ ఎడమ చేతులే.

"ఏమండీ..."

ఆయన కళ్ళెత్తకుండానే అరచెయ్యి చూపించాడు.

"అది కాదండీ, చేతులు..."

ఆయన వేలు తలుపుకున్న అట్టముక్క వైపు తిరిగింది. ఆవిడ ఒక కాగితం మీద "చేతులు చూసుకోండి" అని రాసి ముందు పెట్టింది. ఆయన తన చేతులు చూసుకున్నాడు. నిండా సుద్ద. వెళ్ళి సబ్బుతో కడుక్కొచ్చి, ఎంత మంచి ఇల్లాలు అన్నట్టు తలూపి మళ్ళీ పనిలో పడ్డాడు.

చెవిలో దూది పీకి చెప్పొచ్చు, చెబితే ఆ కంగారులో ఇంకేం కోస్తాడో. నోరు మూసుకుని పందెం గెలవనూ వచ్చు. కానీ మాస్టారి చంక గుర్తొచ్చి ఆవిడకి జాలేసింది. మిగిలిన గుడ్డ కొలిచి చూసుకుంది. గుడ్డ తెచ్చేవాళ్ళతో ఎప్పుడూ ముప్పావు మీటరు ఎక్కువే తెప్పిస్తుంది. దాన్ని బుట్టలో వేసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

నాలుగుంబావుకి ఆయన ఎడమ చెయ్యి అతికించాడు. అద్భుతం. రెండోది కుడివైపు పెట్టాడు. అది వెనక్కి తిరిగింది, కోటు తన వీపు తానే గోక్కోబోతున్నట్టు. ఊడదీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వీపే. మూడోసారికి విషయం తలకెక్కింది. అక్కడే నేలమీద కూలబడ్డాడు. గుడ్డ లేదు, టైము లేదు, చెవిలో దూది మాత్రం ఉంది. అది పీకేశాడు.

"ఏమేవ్!"

ఆవిడ గుమ్మంలో నిలబడింది. "ఇంకా ఐదు కాలేదే. మాట్లాడొచ్చా?"

"మాట్లాడు! తిట్టు! ఏదో ఒకటి అను!"

ఆవిడ వెనక గదిలోంచి కోటు కుడి చెయ్యి తెచ్చి బల్లమీద పెట్టింది. అస్తరు వేసి, గుండీలు కూడా కుట్టి ఉంది. పరధ్యానంగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఎప్పుడు కుట్టావే?"

"పదకొండున్నరకి మొదలెట్టా. మధ్యలో పిన్నితో మాట్లాడా, కూర మాడితే ఇంకోటి చేశా, పక్కింటివాళ్ళ పోట్లాట మొత్తం విన్నా. నా పని అలాగే అవుతుంది మరి."

ఆవిడే ఆ చెయ్యి కోటుకి అతికించేసరికి, సరిగ్గా ఐదింటికి మాస్టారు వచ్చాడు. కోటు తొడుక్కుని, కమాను పట్టినట్టు కుడి చెయ్యి గాల్లో ఆడించాడు. ఇంకోసారి ఆడించాడు. మొహం విప్పారింది.

"ఈ చెయ్యి ఎవరు కుట్టారండీ? అసలు ఉన్నట్టే లేదు!"

"నేనే మాస్టారూ" అంది ఆవిడ. "కొలతలిచ్చిన రోజు చెప్పారుగా, వాయించేటప్పుడు ఆ చంకలోనే పట్టేస్తుందని. ఈయన టేపు చూస్తున్నారు, నేను మీ కబుర్లు వింటున్నా. అందుకే అక్కడ వేలెడు వదులు పెట్టా."

"ఎడమది కూడా బాగుంది" అన్నాడు మాస్టారు మొహమాటంగా. "కాస్త క్రమశిక్షణ ఎక్కువైంది, అంతే. అమ్మా, ఇకమీదట నా కోట్లన్నీ మీరే కుట్టాలి."

ఆయన వెళ్ళాక పరధ్యానంగారు కిటికీకి కట్టిన దుప్పటి విప్పుతూ, గోడకి చెబుతున్నట్టు అన్నాడు: "ఓడిపోయాను. నీ మిషన్ ముందుగదిలోకి తెస్తాను."

"వద్దండీ. వెనక గదిలో గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను చెప్పినట్టు వింటానన్నారుగా?"

"అన్నాను."

"అయితే మీ మిషనే అక్కడికి తీసుకురండి. పొద్దున్నించి ఒక్కదాన్నే ఉంటే ఏం తోచలేదు నాకు."

ఆయన మిషన్ ఎత్తాడు. రెండడుగులు వేసి ఆగాడు. "వస్తాను. ఒక్క షరతు. నేను గుడ్డ కోసేటప్పుడు మాత్రం..."

ఆవిడ నడుమున చేతులు పెట్టుకుంది. "ఊఁ? కోసేటప్పుడు?"

"మాటలు ఆపకు."

ఆవిడ నవ్వింది. ఇరవైరెండేళ్ళలో ఆయన ఇంత తెలివైన మాట అనడం అదే మొదలు. ఆయన రొప్పుతూ వెనక గదికి చేరి, కిటికీ పక్కన మిషన్ దించబోయాడు.

"అక్కడ కాదండీ, ఆ మూల పెట్టండి" అంది ఆవిడ. "మాస్టారి కోట్లు కుట్టేవాళ్ళకి వెలుతురు కావాలి."

పరధ్యానంగారు మిషన్‌ని మోసుకెళ్ళి మూల పెట్టాడు.